కీ ఇచ్చే వేళ

లిఫ్టు గ్రిల్ తలుపు సగం లాగి, మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి, అతను చేతి వాచీకి కీ ఇస్తున్నాడు. పక్కనున్న బుడిపెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి ముందుకి తిప్పడం, వదలడం, మళ్ళీ ముందుకి తిప్పడం. లోపల స్ప్రింగు బిగిసి, ఇక చాలన్నట్టు వేలికి అడ్డం తగలగానే ఆపేయాలి. మొండికేసి ఇంకో పిసరు తిప్పితే తెగుతుంది. జాలిపడి ముందే వదిలేస్తే మర్నాటికి నీరసపడి వెనకబడుతుంది. ఆ పిసరు తేడా వేలికి తెలిసేసరికి అతను రెండు వాచీల ప్రాణం తీశాడు.

"రష్యా, ముందు మమ్మల్ని పైకి చేర్చు. దానికి మేత తర్వాత పెడుదువుగాని," అన్నాడు లోపల నిలబడ్డ మేనేజరు.

మిగిలినవాళ్ళు నవ్వారు. రోజూ నవ్వుతారు. అతని అసలు పేరు ఆ భవనంలో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. రష్యా వాచీలు పోగేస్తాడు కాబట్టి రష్యా. ఎప్పుడో ఎవరో తమాషాకి అన్నమాట అంటుకుని ఉండిపోయింది.

"అయినా ఆ దేశమే పోయి ఎన్నాళ్ళయింది! నువ్వింకా కీ ఇస్తూనే ఉన్నావా?" అన్నాడు మేనేజరు, మొదటిసారి అంటున్నట్టు.

"దేశం పోతే పోయింది సార్. స్ప్రింగు పోలేదుగా," అన్నాడు అతను, మొదటిసారి బదులు చెప్తున్నట్టు. గ్రిల్ పూర్తిగా లాగాడు. ఎడమ భుజం చురుక్కుమంది. పొద్దున లేచినప్పటి నుంచీ అక్కడ ఎవరో బరువు పెట్టి మరిచిపోయినట్టుగా ఉంది. మీట నొక్కాడు. లిఫ్టు ఒకసారి ఒళ్ళు విరుచుకుని పైకి కదిలింది.

మూలనున్న స్టూలు మీద జనానికి వీపు పెట్టి కూర్చోవడం అతని ఉద్యోగం. మొహాలు చూసే వీలు లేదు. కడ్డీ పట్టుకోడానికో, అంతస్తు చూపించడానికో భుజం పక్క నుంచి ముందుకొచ్చే చేతులు మాత్రం కనిపిస్తాయి. అందుకని అతనికి మనుషులు మణికట్లుగానే గుర్తు. బక్క మణికట్టు, బొచ్చు మణికట్టు, గాజు గీసుకుపోయిన మణికట్టు. వాటి మీది వాచీని బట్టి ఎవరు పైకొచ్చారో, ఎవరు అప్పులపాలయ్యారో, ఎవరికి మామగారు కొత్తగా వచ్చారో చెప్పేయగలడు. చెప్పమని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మొదటి వాచీ అలా భుజం పక్క నుంచి వచ్చిందే. అప్పట్లో పై అంతస్తులో ఒక ఇంజనీరు ఉండేవాడు. చదువు రష్యాలో చదివాడు. ఒకరోజు ఆయన చేతికి తళతళలాడే బ్యాటరీ వాచీ ఉంది, పాతది జేబులో ఉంది. "ఇది పొబెదా. వాళ్ళ భాషలో గెలుపు అని అర్థం. ఉంచుకో," అన్నాడు. గెలుపుని ఎవరైనా పారేసుకుంటారా సార్ అంటే, ఆయన నవ్వేశాడు. "గెలుపుకి రోజూ కీ ఇవ్వాలయ్యా. నా వల్ల కాదు."

అతని వల్ల అయింది. పెద్ద చదువు లేదు, పెద్ద ఉద్యోగం లేదు, నలుగురిలో నోరు తెరిస్తే వినేవాడు లేడు. లిఫ్టుకి కూడా అతనితో పని లేదు. మీట ఎవరు నొక్కినా కదులుతుంది. ఈ గుండ్రటి ఇనప ముక్క మాత్రం పొద్దున్నే అతని వేళ్ళ కోసం చూస్తుంది, ఒకరోజు మరిచిపోతే అలిగి ఆగిపోతుంది. లోకంలో అతను లేకపోతే ఆగిపోయేది ఒకటుందని తెలిశాక ఇక ఆశ ఆగలేదు. పన్నెండు ఉండాల్సిన చోట సున్నా ఉన్న రకెతా, లోపల రెండు స్ప్రింగులున్న స్లావా, జలాంతర్గామి బొమ్మ వేసిన వస్తోక్, ఇలా ఒకటొకటే వచ్చి చేరాయి. డయలు కింది అంచున ఉండే రష్యా అక్షరాలు చదవలేడు గానీ, కళ్ళు మూసుకుని గీయగలడు. వాటిలో సగం కలగూరగంపలని, ఒకదాని డయలు, ఇంకొకదాని ముళ్ళు, మూడోదాని వెనక మూత అతికించి అమ్మినవని, వాటిని బాగుచేసే వాచీ డాక్టరు చెప్పాడు. అతను నమ్మాడు, బాధపడ్డాడు, ఒక్కటీ పారెయ్యలేదు.

పొబెదా ఒక్కటే ఇప్పుడు అతని దగ్గర నడుస్తోంది. మిగిలినవన్నీ ఇంట్లో బీరువాలో చచ్చి పడున్నాయి. ఎందుకంటే బీరువా కీ భార్య దగ్గరుంది.

దానికో కథ ఉంది, అందులో తప్పు అతనిదే. ఆవిడకి కొన్నాళ్ళుగా కళ్ళు మసకబారుతున్నాయి. "సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, గుర్తుందా?" అని పొద్దున్నే చెప్పింది. గుర్తుందన్నాడు. సాయంత్రం వెళ్ళాడు కూడా, వాచీ డాక్టరు దగ్గరికి. ఆవిడ చూసి చూసి, చీకటి పడకముందే చేరాలని ఒక్కర్తే బయల్దేరింది. రోడ్డు దాటాక గట్టు అంచు కనపడలేదు. కాలు మడతపడింది. ఎవరో పుణ్యాత్ముడు ఇంటికి చేర్చాడు. అతను వచ్చేసరికి ఆవిడ వాచిన కాలు కుర్చీ మీద పెట్టుకుని కూర్చునుంది.

"ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు?" అంది.

అతను ఆ కాలు వంక చూశాడు.

"ఆ గడియారాలకి జలుబు చేస్తే పరిగెడతారు. నా కళ్ళు పోతున్నా పట్టదు మీకు." కుంటుకుంటూ వెళ్ళి బీరువాకి తాళం వేసింది. "కీ నా దగ్గరుంటుంది. కావాలంటే నోరు తెరిచి అడగండి. కీ ఇవ్వు అని. అడిగితే ఇస్తాను. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కటి అడిగిన పాపాన పోలేదుగా, చూద్దాం."

అతను అడగలేదు. అడిగితే ఏం పోయింది? ఏమీ పోదు. అయినా అడగలేదు. ఆ రోజు వాచీ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళాడో చెప్పనూ లేదు. చెప్తే అంతా అక్కడితో సరిపోయేది. కానీ చేతిలో వస్తువు లేకుండా చెప్పడం చేతకాదు అతనికి. వస్తువు వచ్చాక చూపిద్దామనుకుని నోరు కుట్టేసుకున్నాడు. బీరువాలోంచి వినిపించే సన్నటి రొద ఒక రోజంతా నడిచి, రెండో రోజుకి పలచబడి, తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇద్దరూ ఆ నిశ్శబ్దం చుట్టూ తిరుగుతూ తిన్నారు, పడుకున్నారు.

ఆ వస్తువు ఆవిడదే. పెళ్ళయిన కొత్తలో అతను తెచ్చిచ్చిన ఆడవాళ్ళ వాచీ, జార్యా అంటారు. చిటికెనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. అప్పట్లో పొద్దున్నే ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు. అతను తన వాచీకి కీ ఇచ్చుకుంటూ, "నువ్వూ కీ ఇవ్వు," అనేవాడు. ఆవిడ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుని, "నడుస్తోంది," అనేది. వాళ్ళ కాపురంలో సరసం ఏదన్నా ఉందంటే అదే.

తర్వాత ఒక సాయంత్రం ఆవిడ తల్లికి బాగాలేదని కబురొచ్చింది. ఆవిడ సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. అతను ఊరి ఇంకో చివర ఎవరో వాచీ అమ్ముతున్నారంటే పనిలోంచి అటే వెళ్ళాడు. జేబులో స్లావా వేసుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. వీళ్ళు మర్నాడు చేరేసరికి తల్లి లేదు. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. తిరిగొచ్చాక చేతి వాచీ విప్పి బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. కీ బుడిపె విరిగి ఎటో ఎగిరిపోయింది. "రెండు స్ప్రింగులున్నది తెచ్చుకున్నారుగా. ఇదీ దాని పక్కన పెట్టుకోండి," అంది.

పెట్టుకున్నాడు. బాగుచేయిస్తే ఆ మాట మళ్ళీ ఎత్తినట్టవుతుందని ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. పిరికితనానికి మంచితనం అని పేరు పెట్టుకుని గడిపేశాడు. ఈమధ్య ఆవిడ గోడ గడియారం దగ్గరికి వెళ్ళి, మొహం ఆనించి, టైము వెతుక్కోవడం చూశాడు. చూసి తట్టుకోలేకపోయాడు. చూపు లేకపోయినా చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుందిగా అనుకున్నాడు. కంటి డాక్టరుని మరిచిపోయేంతగా అనుకున్నాడు. అదీ అతని బుద్ధి.

రెండో అంతస్తులో క్యాషియరమ్మ ఎక్కింది. సన్నటి మణికట్టు, నల్ల పట్టీ. ఆవిడొక్కతే వంగి మొహం చూసే మనిషి.

"అదేంటి బాబాయ్, మొహం అలా ఉంది? ఆ చెమటలేంటి?"

"గ్రిల్ బిగుసుకుపోయిందమ్మా. లాగీ లాగీ..."

"గ్రిల్లూ లేదు ఏం లేదు. సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళు."

"వెళ్తున్నాలే. రమ్మని పొద్దున్నే ఫోన్ చేశాడు."

"అదీ, బుద్ధిమంతుడివి," అంది ఆవిడ, సంతోషించి దిగిపోయింది.

మధ్యాహ్నం అతను సెలవు అడిగాడు. మేనేజరు పైకి చూడకుండానే సరేనన్నాడు. లిఫ్టు తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి, స్టూలు గోడకి జరిపి, బయటికొచ్చాడు. ఎండలో రోడ్డు తెల్లగా ఊగింది. ఒక స్తంభం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పొబెదా చూసుకున్నాడు, అది బాగానే నడుస్తోంది.

వాచీ డాక్టరుది కొట్టు అనడానికి లేదు. రెండు దుకాణాల మధ్య మెట్ల కింద ఒక అద్దాల పెట్టె, దాని వెనక ఒక మనిషి. కంటికి భూతద్దం, మోకాళ్ళ మీద తెల్లగుడ్డ. గుడ్డ ఎందుకంటే జారిపడ్డ మర నేల మీదికి పోకుండా. చుట్టూ గాజు గిన్నెల కింద వాచీలు పొట్టలు తెరుచుకుని ఉన్నాయి.

"వచ్చావా? కూర్చో. దీనికి కీ బుడిపె దొరకబుచ్చుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది," అన్నాడు డాక్టరు. "చివరికి చచ్చిన వాచీలోంచి పీకి పెట్టాను. కడిగాను, నూనె వేశాను. కానీ ఇంకా కీ ఇవ్వలేదు."

"ఏం?"

"నువ్వేగా చెప్పావు, మొదటి కీ మీ ఆవిడ చేతే ఇప్పిస్తానని! ఈ వయసులో నీకీ సోకులేంటో నాకర్థం కాదు. తిన్నగా నాలుగు చుట్లు ఇమ్మను, చాలు." డాక్టరు డ్రాయరులోంచి సన్నటి తోలు పట్టీలు తీసి పరిచాడు. "పట్టీ మార్చాలి, పాతది ఎండి ముక్కలైపోయింది. చెల్లెమ్మ చెయ్యి ఏపాటి ఉంటుంది?"

అతను క్షణం కూడా ఆలోచించలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టి చూపించాడు. "ఇంత."

"మరీ ఇంతేనా?"

"నా చేత్తో కట్టానయ్యా. నాకు తెలీదా?"

డాక్టరు అన్నిటికన్నా పొట్టి పట్టీ ఎంచి బిగించాడు. బిగిస్తూ భూతద్దం పైకి ఎత్తి మొహంలోకి చూశాడు. "నీ రంగు బాలేదు. ఇంటికెళ్ళు. కాదు, ముందు నిజం డాక్టరు దగ్గరికెళ్ళు."

"ముందు ఇది ఇచ్చొస్తాను," అన్నాడు అతను.

బస్సులో వాచీ గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. ఆ రోజు నేను వెళ్ళింది దీని కోసమే. మీ అమ్మ విషయంలో నాది తప్పు. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. మూడు మాటలే. మధ్యది ఇరవై ఏళ్ళుగా గొంతులో ఉన్నదే, మిగిలినవీ కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. దిగే చోటు దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడిచాడు.

లిఫ్టు నడిపేవాడు ఉండే ఇంటికి లిఫ్టు లేదు. పైన చివరి వాటా. మొదటి మలుపులో ఆగాడు, రెండో మలుపులో కూర్చున్నాడు. ఎదురింటావిడ బకెట్టుతో దిగుతూ, "ఏంటండీ ఇక్కడ కూర్చున్నారు?" అంటే, ఊరికే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చేతిలో వాచీ ఉందని గుర్తొచ్చి మళ్ళీ గుప్పిట మూశాడు.

తలుపు తీసే ఉంది. ఆవిడ కిటికీ కింద కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, చొక్కాకి గుండీ కుడుతోంది. అతని చొక్కాకే. సూదిలో దారం ఎక్కించలేక ఎంతసేపు తంటాలు పడిందో, కిటికీ పట్టె మీద తెగిన దారం ముక్కలు చాలా ఉన్నాయి. వేళకాని వేళ వచ్చిన మొగుణ్ణి చూసి తల ఎత్తింది. ఆ దూరానికి ఆవిడకి మొహం కనపడదు, ఆకారం కనపడుతుంది.

అతను ఎదురుగా మంచం మీద కూలబడ్డాడు. చెయ్యి చాచి ఆవిడ ఒళ్ళో, చొక్కా మీద, వాచీ పెట్టాడు. కూడబలుక్కున్న మూడు మాటలూ మెట్ల మీదే ఎక్కడో రాలిపోయాయి. ఊపిరి ఒక్క మాటకే సరిపోయింది.

"కీ ఇవ్వు," అన్నాడు.

అతని నోట ఆ మాటకి ఒక్కటే అర్థం. కిటికీ దగ్గర నిలబడ్డ రోజుల్లోంచి సరాసరి వచ్చిన మాట అది. ఆవిడ అన్ని రోజులుగా ఎదురుచూస్తున్నదీ అచ్చంగా అదే మాట.

ఆవిడ ఒళ్ళోది తడిమి చూసింది. అదేమిటో వేళ్ళకి తెలిసింది. ఒక్క క్షణం మొహం మెత్తబడింది, ఆ వెంటనే బిగుసుకుపోయింది.

"ఓహో. ఇది నాకిచ్చి, అది పట్టుకుపోదామనా? లంచమా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆ దూరానికి తల ఊపడం కనపడదు.

"ఉత్త చేతుల్తో అడిగినా ఇచ్చేదాన్ని కదండీ! నోరు తెరిచి అడిగితే చాలన్నానా లేదా? మా అమ్మ పోయిన నాటి వాచీ తెచ్చి బేరం పెడతారా నాతో?" వాచీని కిటికీ పట్టె మీద పెట్టి, గోడ పట్టుకుంటూ కుంటుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి బీరువా కీ అతని ఒళ్ళోకి విసిరింది. "తీసుకోండి. వెళ్ళి మీ సంసారం చేసుకోండి."

అతను ఒళ్ళో పడిన కీ వంక చూశాడు. విషయం అర్థమైంది. నవ్వొచ్చింది కూడా, పెదవి చివర. "అది కాదే..." అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టి, వంటగదిలోకి తిరిగి వెళ్ళిపోతున్న ఆవిడకి వినిపించలేదు.

ఆవిడ కొళాయి తిప్పి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. బీరువా తలుపు చప్పుడు కోసం చెవి ఒగ్గి వింది. ఆ చప్పుడు వస్తే తిట్టడానికి ఇంకో నాలుగు మాటలు సిద్ధం చేసుకుంది. చప్పుడు రాలేదు. "ఏం, ఇప్పుడు పౌరుషం వచ్చిందా?" అని అక్కణ్ణుంచే అడిగింది. కొళాయి కట్టేసింది. ఇంట్లో ఒక్క పొబెదా చప్పుడే వినిపిస్తోంది, అది నడిచినంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు.

అతను గోడకి ఆనుకుని, ఒళ్ళో కీ ఉంచుకుని, కళ్ళు తెరిచి కిటికీ వైపు చూస్తున్నట్టుగా ఉన్నాడు. కీ ముట్టుకోనైనా లేదు.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. భవనం నుంచి మేనేజరు ఒక దండ పంపించాడు. దాని మీద పేరు తప్పు పడింది. క్యాషియరమ్మ వచ్చి, "డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని నాతోనే అన్నాడమ్మా," అని పదే పదే చెప్పి ఏడ్చింది. ఏ డాక్టరో అతని భార్యకి తెలుసు. తెలిసినా, చెప్తే ఏం ఒరుగుతుందని ఊరుకుంది. పొబెదా మర్నాడు మధ్యాహ్నం దానంతటదే ఆగిపోయింది.

ఇల్లు ఖాళీ అయ్యాక ఒక సాయంత్రం వాచీ డాక్టరు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. నిలబడే అడిగాడు.

"ఆ చిన్న వాచీ నడుస్తోందా చెల్లెమ్మా?"

"ఏ వాచీ?"

"నీదే. బుడిపె లేక అన్నాళ్ళు నా దగ్గరే ఉండిపోయింది. బాగుకి ఇచ్చిన రోజు నీ కళ్ళ డాక్టరు సంగతే మరిచిపోయాట్ట, ఎంత తిట్టుకున్నాడో. నేను కీ ఇవ్వబోతే పడనివ్వలేదు. మా ఆవిడే ఇవ్వాలి, కిటికీ దగ్గర నిలబడి ఇస్తుంది, నేను అడుగుతాను అన్నాడు. అడిగాడా మరి?"

ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పింది.

"అడిగాడు," అంది.

డాక్టరు వెళ్ళిపోయాక ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. దారం ముక్కల మధ్య వాచీ పెట్టిన చోటే ఉంది. బుడిపె వేలికి దొరకలేదు, మళ్ళీ వెతికింది. తిప్పింది, వదిలింది, తిప్పింది. నాలుగు చుట్లు. చెవి దగ్గర పెట్టుకుంది. నడుస్తోంది. ఆ మాట పైకి అనబోయి, వినే మనిషి లేడని నోరు మూసుకుంది. ఇంత చిన్న మాట ఇంకో రకంగా చెప్పి ఏడవొచ్చుగా మహానుభావా అని కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎడమ చేతికి పట్టీ చుట్టుకుంది. బకిల్ ముల్లు కన్నం దాకా రాలేదు. లాగింది. మణికట్టు ఎముక మీద చర్మం తెల్లబడేదాకా లాగింది. బొటనవేలి మందం ఎడం ఉండిపోయింది. భవనంలో అందరి మణికట్లూ తెలిసిన మనిషి, ఆవిడ చేతిని పెళ్ళినాటి కొలతతోనే గుర్తుంచుకున్నాడు. ఆ తర్వాత ఎన్నడూ పట్టుకుని చూడలేదు.

ఆవిడ దాన్ని విప్పి బల్ల మీద పెట్టింది. పట్టీ కొసలు రెండూ చెరో వైపుకి చాచుకుని చిన్న వాచీ నడుస్తోంది. రేపు ఈపాటికి ఎవరో ఒకరు కీ ఇవ్వకపోతే అదీ ఆగిపోతుంది.